ఇల్లు ఖాళీ చేసేదాకా

"రోగం కుదిర్చేది మనం కాదు, రప్పించేదీ మనం కాదు. గోడ మీది మచ్చ ఆకుపచ్చగా ఉందో ఎర్రగా ఉందో గొర్రెలు కాసుకునేవాడికి కూడా కనబడుతుంది. మరి మధ్యలో యాజకుడు చేసే పనేమిటండీ?" అని షెమయా ఒకనాడు తన గురువును అడిగాడు.

షెమయా యాజక వంశంలో పుట్టినవాడు. ముప్పయ్యో ఏట అడుగుపెట్టాడు. వచ్చే వారమే మొదటిసారిగా యెరూషలేము ఆలయంలో వంతు సేవకు వెళ్లబోతున్నాడు. ధర్మశాస్త్రంలో ఏ మాట ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. అంత తెలిసినవాళ్లకు సామాన్యంగా ఉండే జబ్బే అతనికీ ఉంది: ఎదుటివాడి ప్రశ్న పూర్తికాకముందే జవాబు నాలుక మీదికి వచ్చేస్తుంది. గురువు ఎల్యాషీబు దీనికి పూర్తిగా విరుద్ధం. అడిగింది విని, గడ్డం నిమురుకుని, ఊరుకునేవాడు. ఆ రోజూ ఊరుకున్నాడు.

మధ్యాహ్నం యెరూషా అనే విధవరాలు వచ్చింది. "అయ్యగారూ, మా ఇంటి గోడకు పొడ..." అని నాలుక కరుచుకుంది. "పొడలాంటిదేదో కనబడిందండీ."

గోడలకు పుట్టే తెగులును ఆ ప్రజలు పొడ అనేవాళ్లు. అది పొడ అవునో కాదో తేల్చి చెప్పే అధికారం యాజకుడిది. ఎంత తెలిసినా ఇంటివాళ్లు 'లాంటిది' అని ఊరుకోవలసిందే. యాజకుడు ఔనన్న క్షణం నుంచి ఇంట్లో ఉన్నదంతా మైల. గుడ్డలు ఉతుక్కోవచ్చు, ఇత్తడి కడుక్కోవచ్చు. మట్టిపాత్రకు మాత్రం శుద్ధి లేదు, పగలగొట్టి పారేయాలి. యెరూషా ఇంట్లో ఆ యేటి ఒలీవ నూనె అంతా తొమ్మిది మట్టి బానల్లో ఉంది. మొగుడు పోయాక ఆమెకూ ఇద్దరు ఆడపిల్లలకూ ఏడాది గడిచేది ఆ నూనెతోనే.

ఎల్యాషీబు ఆ ఇంటి గుమ్మానికి పది అడుగుల దూరంలో ఆగి, ఇంటికి వీపు పెట్టి నిలబడ్డాడు. "ముందు ఇల్లు ఖాళీ చేయండి. తర్వాత చూస్తాను" అన్నాడు.

చేసేదెవరు? ఒక్కో బాన నడుమెత్తున ఉంది. ఇద్దరు మగవాళ్లు పడితే గాని కదలదు. ఇరుగుపొరుగు అంతా మూగారు గాని ఒక్కరూ గడప దాటలేదు. ఆ ఇంటి సరుకు ముట్టుకుంటే మైల తమ ఇంటికి నడిచొస్తుందని భయం. అయ్యో పాపమంటే ఆర్నెల్ల పాపం చుట్టుకుంటుందన్నట్టు ఎవరి జాగ్రత్తలో వాళ్లున్నారు. యెరూషా చాపలూ దుప్పట్లూ ఒక్కతే తెచ్చి వీధిలో వేసింది. తర్వాత మొదటి బానను కౌగిలించుకుని లాగింది. అది కదల్లేదు. చూస్తూ నిలబడ్డ ఆ జనం మీద, ఇది రాస్తుంటే, నాకు ఇప్పటికీ కోపమే.

షెమయా ఉండబట్టలేక తలుపులోంచి తొంగి చూశాడు. ఎదురు గోడ మీద అరచెయ్యంత మేర ఆకుపచ్చ చారలు, గోడ మట్టం కంటే లోపలికి దిగి ఉన్నాయి. సందేహానికి చోటే లేదు. "అయ్యా, ఆకుపచ్చగా..." అన్నాడు.

"నేనింకా చూడలేదు" అన్నాడు గురువు, తల తిప్పకుండా.

షెమయా అన్న 'ఆకుపచ్చ' ముక్క గేరా చెవిన పడింది. గేరాది పక్కిల్లు, మధ్య గోడ ఇద్దరికీ ఉమ్మడి. నెల కిందట పుట్టిన మనవడిని ఆ గోడ పక్కనే పడుకోబెడుతున్నారు. చెడ్డవాడు కాడు, భయపడ్డవాడు. తిన్నగా షెమయా దగ్గరికి వచ్చాడు.

"చినయ్యగారూ, మీరూ యాజకులే కదా. మీ మాటా చెల్లుతుంది. మీకు కనబడనే కనబడింది. పొడేనా, కాదా? ఒక్క మాట చెప్పండి, ఇప్పుడే తలుపు మూయిస్తాం."

"చెప్పండి, చెప్పండి" అన్నారు జనం కూడా. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మనమంతా తేలిగ్గా అనేస్తాం. అక్కడ నిజంగానే ఒక్క మాటకు తొమ్మిది బానలు. ఔనంటే ఆ విధవరాలి పొయ్యిలో పిల్లి పడుకుంటుంది. కాదంటే అబద్ధం, అదీ యాజకుడి నోట. గురువు వైపు చూస్తే వీపు తప్ప ఏమీ కనబడలేదు. లోపల యెరూషా బానను వదలకుండా అతని పెదవుల వైపే చూస్తోంది. బుద్ధెరిగాక, జవాబు తెలిసి కూడా షెమయా మాట్లాడకపోవడం అదే మొదటిసారి.

"చెప్పరేం?" అని గేరా చెయ్యి పట్టుకున్నాడు.

షెమయా చెయ్యి విడిపించుకున్నాడు. పైవస్త్రం తీసి పక్కన పెట్టి, గడప దాటి వెళ్లి, బాన అడుగున చేతులు వేశాడు. మైలపడ్డ యాజకుడు ఆలయంలో కాలు పెట్టకూడదు. వచ్చే వారమే అతని వంతు అని ఊరందరికీ తెలుసు. "గేరాగారూ, అటువైపు పట్టుకోండి" అన్నాడు.

గేరా తెల్లబోయాడు. "ముట్టుకున్నారేమిటండీ?"

"ఇంకా ఎవరూ ఏమీ అనలేదు కదా. అననంతవరకూ ఇది వట్టి నూనె బాన. మీరూ ఒక చెయ్యి వేస్తే త్వరగా తెములుతుంది. మీ మనవడికీ మంచిదే."

గేరా కాసేపు గొణిగి, నడుం బిగించి వచ్చి పట్టాడు. మొదటి బాన వీధిలోకి రాగానే మరో ఇద్దరు కదిలారు. ఏడో బాన గడప దగ్గర జారి, అందరికీ ప్రాణాలు పోయినంత పనై, గేరా మోకాలి మీద ఆగింది. తొమ్మిదోది బయటపడేసరికి పొద్దు పడమటి కొండకు బారెడు ఎత్తులో ఉంది.

అప్పుడు ఎల్యాషీబు ఇటు తిరిగాడు. లోపలికి వెళ్లి గోడ చూసి వచ్చాడు. గొంతులో ఏ మెత్తదనమూ లేదు. "ఏడు రోజులు ఇల్లు మూసేయండి. ఏడో రోజు వచ్చి మళ్లీ చూస్తాను. మచ్చ పాకి ఉంటే రాళ్లు ఊడబీకాల్సిందే" అన్నాడు. యెరూషా తలూపింది. వీధిలో బానల మధ్య కూలబడి ఏడ్చింది. ఇల్లు మూతపడినందుకో, నూనె దక్కినందుకో, రెంటికీనేమో. గేరా ఇంటి ఆడవాళ్లు ఆమె పిల్లలకు రొట్టెలు తెచ్చిపెట్టారు.

తిరుగు దారిలో, ఊరి చివర మలుపు దగ్గర షెమయా అడిగాడు. "అయ్యా, నేను ముందే చూశాను. చూసిన సంగతి మీకూ తెలుసు. తెలిసి మాట ఆపడం దేవుడి దగ్గర దాచినట్టు కాదా?"

ఎల్యాషీబు చేతికర్ర మీద బరువు మోపి ఆగాడు.

"ఆ గోడను నీకంటే ముందు చూసినవాడే, ముందు ఇల్లు ఖాళీ చేయించమని ధర్మశాస్త్రంలో రాయించాడు."