దీనమ్మ కట్టిన తెల్లచీర

దైవాధీనం అయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పులకోసం వెతుక్కునేవారు. ఆయన జవాబులన్నీ ఎక్కడో నడిచి వెళ్ళవలసినంత దూరంలో ఉండేవి. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఎండ తగ్గాకే అడిగేవారు. ఆనందపాల్ మాత్రం ఆ మంగళవారం మిట్టమధ్యాహ్నం అడిగాడు. పెళ్ళి గురువారం. చల్లబడేదాకా ఆగే ఓపిక అతనికి లేదు.

ఆనందపాల్ ఆయన దగ్గర మూడేళ్ళు బైబిలు వాక్యం నేర్చుకుని, ఈమధ్యే కాలవ అవతలి చిన్న సంఘానికి కాపరిగా వెళ్ళాడు. అతని చేతిమీదుగా జరగబోయే మొదటి పెళ్ళి ఇది. ఆ గుడిలో అరవై ఏళ్ళుగా పెళ్ళికూతుళ్ళందరూ తెల్లచీరలే కడుతున్నారు. ఈ పెళ్ళికూతురు సలోమి, ఆసుపత్రిలో నర్సు, చిలకపచ్చ పట్టుచీర కొనుక్కుంది. రంగుచీరలో వస్తే గుడి తాళం తీసేది లేదని సంఘపెద్ద ఎలీషా గారు తేల్చిచెప్పారు. సర్దిచెబుదామని ఆనందపాల్ వెళితే ఆ పిల్ల చీరకి ఫాల్ కుట్టుకుంటోంది. సూది ఆపకుండానే జవాబు చెప్పింది.

“రోజూ తెలుపే కడతానండి. పోయినవాళ్ళ కళ్ళు మూసినప్పుడు నా ఒంటిమీద ఉండేది తెలుపే. ఆ ఒక్కరోజు నాకు పచ్చ కావాలి. తాళం తియ్యకపోతే మెట్లమీద నిలబడతాం. మీరొచ్చి ప్రార్థన చెయ్యండి.”

ఏడ్చి ఉంటే ఓదార్చేవాడే. ఇలా నింపాదిగా మాట్లాడే పిల్లని ఏం చెయ్యాలో అతనికి తోచలేదు.

“అయ్యగారూ, పెద్దల ఆచారాన్ని కాదన్న పిల్లని నేను దీవించవచ్చా? దీవిస్తే సంఘం చీలుతుంది. దీవించకపోతే రేపటినుంచి ఆ పిల్ల ముఖం ఎలా చూడను?” అని గురువుగారి ముందు కూలబడ్డాడు.

అయ్యగారికి చెప్పులు దొరికాయి. “ఆ చీర ఎక్కడుంది?” అన్నారు.

దారిలో సలోమి ఇంటి దగ్గర ఆగి చీర అడిగారు. ఆమె పొట్లం కట్టి ఇస్తూ, “ఇస్తున్నాను గానీ మనసు మార్చుకున్నాననుకోకండి,” అంది. అక్కణ్ణుంచి తిన్నగా ఎలీషా గారింటికి నడిచారు. ఆనందపాల్ నాలుగడుగులు వెనకబడ్డాడు.

పొట్లం చూసి ఎలీషా గారు, పిల్ల దారికొచ్చిందనుకుని తెగ సంబరపడిపోయారు. “ఈ ఆచారం మా అమ్మతోనే మొదలైందండీ. ఈ గుడిలో మొదటి పెళ్ళి ఆవిడదే. మల్లెపువ్వులాంటి తెల్లచీరట!” అని ఇద్దరినీ లోపలికి తీసుకెళ్ళారు. వాళ్ళమ్మ దీనమ్మ, ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, మంచంమీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది.

అయ్యగారు పొట్లం విప్పి ఆవిడ ముందు పెట్టారు. “దీనమ్మా, మీ పెళ్ళికి తెల్లచీర ఎవరు ఎంచారు?”

ఆవిడ చేతులు కొంగుకి ఒకసారి తుడుచుకుంది. చాలవనుకుందో ఏమో, మళ్ళీ తుడుచుకుంది. అప్పుడుగాని ఆ పట్టుని తాకలేదు.

“ఎవరెంచుతారు అయ్యగారూ? నాకున్నదదొక్కటే. పదిహేనో ఏట మొదటి పెనిమిటి పోతే మా అత్తోరు నాకు మిగిల్చిన చీర అది. దాంతోనే మిషను కాంపౌండులోకొచ్చి పడ్డాను. వీళ్ళ నాన్న చేసుకుంటానంటే దాన్నే ఉతుక్కుని కట్టుకున్నాను.”

“మొదటి పెనిమిటా?” అన్నారు ఎలీషా గారు.

“నీకు చెప్పలేదురా. నన్ను చూసి తరవాతి పిల్ల తెల్లది కట్టింది. దాన్ని చూసి ఇంకొకతి. చెబుదామనుకునేలోపు అందరూ పవిత్రత, పవిత్రత అంటున్నారు. నోరు మూసుకున్నాను.” ఆవిడ చీర అంచుని వేళ్ళతో సవరించింది. “ఆ రోజు ముందు చాపమీద మిషను దొరసాని గారి వంటమనిషి కూచుంది, ఇదే పచ్చ కట్టుకుని. పెళ్ళంతా నా కళ్ళు దాని చీరమీదే. ప్రమాణం రెండోసారి అడిగితేగాని నేను పలకలేదు.”

ఆనందపాల్ నవ్వబోయి తల దించుకున్నాడు. ఎలీషా గారు మొలతాడుకి ఉన్న గుడి తాళంచెవి విప్పి ఆనందపాల్ చేతిలో పెట్టారు.

“ఒరే,” అంది దీనమ్మ కొడుకుతో, “గురువారం నన్ను ముందు చాపమీద కూచోబెట్టు. ఈసారన్నా దగ్గర్నుంచి చూస్తాను.”

తిరుగుదారిలో ఆనందపాల్ కాళ్ళు నేలమీద నిలవడంలేదు. ఒక చేతిలో చీర, ఇంకో చేతిలో తాళంచెవి. “అయ్యగారూ, ఇకమీదట మన గుడిలో పెళ్ళికూతుళ్ళంతా రంగుచీరలే కట్టాలని సంఘం పుస్తకంలో రాసేస్తాను,” అన్నాడు.

దైవాధీనం అయ్యగారు ఆగి, చెప్పులో ఇరుక్కున్న రాయి తీసుకున్నారు.

“రాసెయ్యి. మరో అరవై ఏళ్ళకి తెలుపు కావాలని ఒక పిల్ల వస్తుంది. ఆ పిల్లకోసం నడవడానికి అప్పుడు నేనుండను.”