చూరు దీపాలు, కొంగు ముడి

మణిగిరి రాజు మల్లభూపతికి ఆ ఏడు దసరా దీపాలు విప్పుతుంటే చూసి చిరాకు పుట్టింది.

"పండగ పండగకీ కట్టడం, విప్పడం. ఒకసారి పెడితే మళ్ళీ ముట్టుకోనక్కర్లేని దీపాలు లోకంలో లేవా?" అన్నాడు.

రాజు నోటి నుంచి మాట రావడమే ఆలస్యం, అలంకారాధికారి పేర్రాజు ముగ్గురు వర్తకులను సభలో నిలబెట్టాడు. ముగ్గురివీ చూరు కింద బిగించే దీపాలే. గొట్టంలో నూనె పారుతూ ఉంటుంది, దీపాలు వాటంతటవే వెలుగుతూ ఉంటాయి.

మొదటివాడివి తెల్లగా వెలిగాయి గానీ, పగటిపూట గబ్బిలాల్లా వేలాడాయి. రెండోవాడివి పగలు కనపడవు. వాన పడితే రాత్రి కూడా కనపడవు. మూడోవాడివి అభ్రకం మూతల వెనక ఎరుపు, నీలం, పచ్చ మార్చుకుంటూ వెలిగాయి. వానకు తడవవు, గాలికి ఆరవు. నూరేళ్ళ హామీ అన్నాడు వర్తకుడు. అతనికే అప్పటికి పళ్ళు సగం ఊడిపోయాయి.

పేర్రాజు మూడోవాడి దీపాలే మెచ్చుకున్నాడు.

"వీటికి ఇంకో గుణం కూడా ఉంది ప్రభూ. ఇవి మరిచిపోవు."

సభంతా అచ్చమ్మ వైపు చూసింది.

అచ్చమ్మ కోట దీపాల పెద్ద. రాజుగారు పుట్టిన నాడు పురిటింట్లో దీపం పెట్టింది ఆవిడే. ఈ మధ్య మతిమరుపు మొదలైంది. మొన్నొక సాయంత్రం గుర్రాల సాలలో దీపం పెట్టడం మరిచిపోతే, ఆ సంగతి పేర్రాజు గుర్రాలకు తప్ప అందరికీ చెప్పాడు. నూనె కొట్టుకు తాళం వేశానో లేదో అని ఆవిడ సగం దారి నుంచి వెనక్కి వెళ్ళి చూసేది. వేసే ఉండేది. అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళేది. అందుకే గుర్తుండాల్సిన ప్రతి పనికీ కొంగున ఒక ముడి వేసుకునేది.

"ఆ ముడులు చూశారా ప్రభూ? కొంగా అది, చేపల వలా?" అన్నాడు పేర్రాజు. "నూనె కొట్టు తాళం చెవి ఇప్పించండి. అవ్వగారు విశ్రాంతి తీసుకుంటారు."

అచ్చమ్మ చెయ్యి బొడ్లో తాళం చెవి మీదికి పోయింది. ఆ చెవి పోతే తనకింక మిగిలేది మతిమరుపు ఒక్కటే.

రాజుకు ఆవిడ మీద అభిమానమూ ఉంది, రంగుల దీపాల మీద మోజూ ఉంది. అందుకని ఒక పందెం పెట్టాడు.

"కోటకు తూర్పు చూరు పేర్రాజుది. ఇవాళే బిగించుకోవచ్చు. పడమటి గోడ అవ్వది. దీపావళి సాయంత్రం జనం ఎటు పోగైతే వాళ్ళదే గెలుపు. తాళం చెవి వాళ్ళకే."

"జనం ఎటు పోగైతే అటు. ఇంకే షరతూ లేదు కదా ప్రభూ?" అంది అచ్చమ్మ.

"లేదవ్వా."

"ఇంకోసారి చెప్పండి ప్రభూ, పాపం," అన్నాడు పేర్రాజు.



తూర్పు చూరు ఆ సాయంత్రమే వెలిగింది. మొదటి రోజు ఊరంతా నోరు తెరిచి చూసింది. మర్నాడు సగం ఊరు చూసింది. ఆ తరవాత ఉసిళ్ళు మాత్రమే వచ్చాయి. తూర్పు వీధి కాకులకు తెల్లారిందో లేదో తెలియక రాత్రంతా అరిచేవి. ఎదురింటివాళ్ళు కిటికీలకు గోనెపట్టాలు కట్టుకున్నారు.

దీపావళి నాడు పొద్దున్నే అచ్చమ్మ కొంగున ఒక ముడి గట్టిగా బిగించుకుంది.

"అదెందుకే?" అని అడిగింది వంటశాల పుల్లమ్మ.

"మరిచిపోతానేమోనని."

"ఏది?"

"చెబితే నువ్వు గుర్తుపెట్టుకుంటావు. నీకెందుకు శ్రమ."

పొద్దు వాలింది. ఊరంతా ప్రమిదలు వెలిగాయి. తూర్పు చూరు ఎరుపు, నీలం, పచ్చ మార్చుకుంటోంది. పడమటి గోడ మీద మాత్రం ఒక్క దీపం లేదు.

మేడ మీద రాజు పక్కన నిలబడ్డ పేర్రాజు చంకలు గుద్దుకున్నాడు. "నేను చెప్పలేదా ప్రభూ. పాపం, ఈ రోజు కూడా మరిచిపోయింది."

కింద, పడమటి వీధిన కూతురితో పోతున్న చాకలి నూకాలు ఆగింది. "అదేంటే, పడమటి పక్క చీకటిగా ఉంది?"

"అచ్చమ్మవ్వ మరిచిపోయినట్టుంది."

"దీపావళి పూట గోడ చీకటిగా ఉంటే ఊరికి అరిష్టం. పద, మనింటి దీపం ఒకటి పెడదాం."

నూకాలు ఒకటి పెట్టింది. కుమ్మరి వాళ్ళు తట్టతో తెచ్చారు. పూజారి భార్య పళ్ళెంలో తెచ్చి, "పెద్దదైపోయింది పాపం," అంటూ నూనె పోసింది. ఎవరింటి దీపం ఎక్కడుందో చూపించుకుంటూ ఎవరూ కదల్లేదు. పడమటి గోడ పొడుగునా వెలిగింది. తూర్పున కాకులు మిగిలాయి.

రాజు అచ్చమ్మను పిలిపించాడు. పేర్రాజు ముందే అందుకున్నాడు.

"ఇది ఒప్పుకోను ప్రభూ. అందులో ఆవిడ దీపం ఒక్కటీ లేదు."

అచ్చమ్మ తాపీగా చెప్పింది:

"దీపాలెవరివని ప్రభువులు అడగలేదు బాబూ. జనం ఎటు పోగవుతారన్నారు. మరిచిపోయావా?"

రాజు మీసం కింద నవ్వు దాచుకున్నాడు. "అది సరే అవ్వా, నిజం చెప్పు. తెలివితో చేశావా, మరిచిపోయి ఇప్పుడు తెలివంటున్నావా?"

అచ్చమ్మ కొంగు ముందుకు లాగి, పొద్దున వేసిన ముడి చూపించింది.

"ఈ ముడి దానికే ప్రభూ. మీరు పుట్టక ముందు నుంచీ వెలిగిస్తున్న చేతులివి. పొద్దు వాలితే వాటంతటవే ప్రమిద దగ్గరకు పోతాయి. ఇవాళ వెలిగించకూడదన్న సంగతి మరిచిపోయి, ఎక్కడ వెలిగించేస్తానోనని వేసుకున్నాను."

రాజు ఫక్కున నవ్వాడు. మేడంతా నవ్వింది. పేర్రాజు కూడా నవ్వబోయి, రాజు తనవైపు చూస్తున్నాడని మానేశాడు.

"తాళం చెవి నీ దగ్గరే ఉంచుకో అవ్వా. తూర్పు చూరు దీపాలు పేర్రాజు ఇంటికి బిగించండి, ఆయన పడక గదికి ఎదురుగా. నూరేళ్ళ హామీ ఉందిగా. ఇంక నీకేం కావాలో కోరుకో."

అచ్చమ్మ కొంగు ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమి చూసుకుంది.

"కొంగు పొడుగ్గా ఉన్న చీర ఒకటి ఇప్పించండి ప్రభూ. దీంట్లో ఇంక చోటు లేదు."