సముద్రుడి తెల్లంచు

ఒకప్పుడు సముద్రుడికి అలలు లేవు, నురుగు లేదు. ఆరేసిన నీలం పంచెలా కదలకుండా పడుకునేవాడు.

ఆ ఒడ్డునే నేతగత్తె గవిరమ్మ గుడిసె. లోపల గుంటమగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని నేసేది. గవ్వ కనబడితే చీర మీద గవ్వ బుటా, పీత కనబడితే పీత బుటా. తడి ఇసుక రంగు కుదరక ఒకసారి నాలుగు రోజులు అన్నం కూడా సరిగా తినలేదు. ఆమెకు అంత పిచ్చి.

ఒకరోజు పెళ్లివారు ఆ చీరలు కట్టుకుని ఒడ్డుకొచ్చారు. సముద్రుడు ఒక కన్ను తెరిచి చూశాడు. తన గవ్వలు, తన పీతలు, తన ఇసుక అందరి ఒంటి మీదా ఉన్నాయి. తనకు మాత్రం జానెడు అంచైనా లేదు. ఉక్రోషంతో లేచి గుడిసె గుమ్మం దాకా వచ్చేశాడు.

"నన్ను చూసి ఊరందరికీ నేశావు. నాకేదీ? అంచు నెయ్యకపోతే నీ గుంట నిండా నీళ్లు పోసేస్తాను."

గవిరమ్మ గుంట వైపు చూసింది. గుంట మునిగితే మగ్గం పోతుంది. మగ్గం పోతే ఆమెకు ఇంకేమీ లేదు. సరే నేస్తాను గానీ తొందరపెట్టొద్దంది.

తెల్లనూలుతో మొదలుపెట్టింది. సముద్రుడు కిటికీలోంచి తొంగిచూస్తూ అయిందా, అయిందా అని ప్రాణం తీశాడు. ఆఖరి పోగు పడిందో లేదో, మగ్గం మీంచి చటుక్కున లాక్కుని కట్టేసుకున్నాడు.

"కొసలు ముడెయ్యలేదు నాయనా, పోగులూడిపోతాయి" అని ఆమె మొత్తుకుంది.

వింటేగా! అంచు అందరికీ చూపించుకోవాలని ఒడ్డెక్కి పరుగెత్తాడు. ఇసుక తగలగానే తెల్లపోగులు బుసబుసా రాలిపోయాయి. ఏడుపు మొహంతో వాటిని ఏరుకుని తెచ్చి, ముడెయ్యమని బతిమాలాడు.

"ఏస్తాను. ఒక్క చోట నిలబడు. ఇక గుమ్మం దాకా రాకు, అంత ఇసుక తొక్కితే ఒక్క పోగూ మిగల్దు" అంది గవిరమ్మ.

సముద్రుడు హడలిపోయాడు. గుడిసె జోలికి మళ్లీ రాలేదు, మగ్గం దక్కింది. కానీ నిలబడడం మాత్రం అతని వల్ల కాలేదు. ఆమె ముడెయ్యబోయేసరికి ఎవరో చూస్తున్నారని మురిసిపోయి ముందుకు దూకేవాడు. పోగులు మళ్లీ ఊడేవి.

అప్పటినుంచే సముద్రుడు తెల్లంచు కట్టుకుని ఒడ్డుకు పరుగెత్తుకొస్తాడు, ఊడిన పోగులు ఏరుకుని వెనక్కి పోతాడు. మనం వెళ్లి నిలబడితే కాళ్లు చుట్టుకుని ముడెయ్యమంటాడు. మనం వంగేలోగా పారిపోతాడు.