రాజుగారి ముల్లు

అనగా అనగా, వానలు వేళ తప్పిన కాలంలో, మణిగిరి అనే రాజ్యం ఉండేది. ఏటేటా ఎండ ముదురుతోంది. చెరువులు అడుగంటుతున్నాయి.

రాజు చంద్రకేతుడు ఖజానా తెరిపించాడు. "ఇది ప్రజలు కట్టిన పన్ను. దీనితో బంజరు నేలలన్నిటా చెట్లు పెంచండి. రాజ్యం చల్లబడాలి" అని ఆజ్ఞాపించాడు.

ఆజ్ఞ మంచిదే. అందులో బంజరు అన్న ఒక్క మాట చెడ్డది. ఏది బంజరో రాజు అడగలేదు. పన్ను రాని నేల ఏదైనా మంత్రి విరూపాక్షుడికి బంజరే.

రాజ్యానికి పడమట అటువంటి నేల ఒకటుంది. కనుచూపు మేర గడ్డి. వాన కురిస్తే ఆ గడ్డి వేళ్లు నీటిని నేలలోకి దింపేవి. ఆ నీరే దిగువ ఊళ్ల బావుల్లో ఊరేది. కాపరులు అక్కడ గొర్రెలు మేపుకునేవారు. బట్టమేక పక్షి అక్కడే, గడ్డి మాటున, నేలమీద, ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు పెట్టేది.

మంత్రి నాగళ్లతో వచ్చాడు. పక్షి ఎదురు నిలిచింది.

"అయ్యా, ఇది బంజరు కాదు. నా గుడ్డు ఇక్కడుంది. కనీసం పిల్ల నడిచేదాకా ఆగండి."

"నేలమీద గుడ్డేమిటే, పిచ్చిదానా? అందరిలా చెట్టుమీద పెట్టుకోరాదూ?"

"మాది చెట్టెక్కే జాతి కాదు, దొరా. మా కాళ్లు కొమ్మను పట్టలేవు."

"చెట్లొస్తున్నాయిగా, నేర్చుకో!"

భటులు పగలబడి నవ్వారు. నాగలి సాగింది. గుడ్డు చితికింది. ఆ నవ్వును ఎవరూ క్షమించనక్కరలేదు.

మంత్రికి కావలసింది అడవి కాదు. త్వరగా కంటికి కనబడే పచ్చదనం. దూరదేశం నుంచి ఒక ముళ్లచెట్టు విత్తనాలు తెప్పించి చల్లించాడు. అది మొదటి ఏడు మొలిచింది. రెండో ఏడు గడ్డిని మింగింది. మూడో ఏడు బావులను తాగేసింది. గొర్రెల గిట్టల్లో ముళ్లు విరిగాయి. కాపరులు మూటలు కట్టుకుని వలసపోయారు. మంత్రి మాత్రం సభలో "అంతా పచ్చదనమే, ప్రభూ!" అని రత్నహారం పుచ్చుకున్నాడు.

ఒకనాడు రాజు తన అడవిని స్వయంగా చూడవచ్చాడు. రథం దిగి అడుగు వేయగానే పాదరక్షను చీల్చుకుని ఒక ముల్లు అరికాలిలో దిగింది.

"ఈ చెట్టు పేరేమిటి?" అని బాధతో అరిచాడు.

"కల్పవృక్షం, మహారాజా" అన్నాడు మంత్రి.

"మాకు తెలియదు, స్వామీ" అన్నాడు ఊరిపెద్ద సోమప్ప, తల వంచుకుని.

"తెలియకేం, సోమప్పా? నీ ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు" అంటూ బట్టమేక పక్షి ముందుకు వచ్చింది. "దీని పేరు రాజుగారి ముల్లు."

భటులు కత్తులు దూశారు. రాజు వారించాడు.

"దీనికి నా పేరెందుకు పెట్టారు?"

"మరెవరి పేరు పెట్టాలి? నా గుడ్డును చిదిమింది మీ నాగలి, ఈ ముల్లును విత్తింది మీ ఆజ్ఞ. నాకు తెలియలేదని మీరు అనవచ్చు, మహారాజా. మీరు అడగలేదు. గడ్డిని అడగలేదు, కాపరిని అడగలేదు, నన్ను అడగలేదు. పొగిడినవాణ్ణి మాత్రం అడిగారు."

రాజు అరికాలిలోని ముల్లు పీకి చేతిలోకి తీసుకున్నాడు. "నీకు జరిగిన నష్టానికి ఏం ఇవ్వను?" అన్నాడు.

"దానికి మీ ఖజానాలో ధర లేదు. ఈ చెట్లను వేళ్లతో సహా పెరికించండి. ఆ కూలి వలసపోయిన కాపరులకు ఇవ్వండి. తరువాత ఈ నేలను దున్నకండి. గడ్డి దానంతట అదే వస్తుంది. అడవి కావాలంటే, మీ కోటకోసం చెట్లు నరికిన కొండలమీద పెంచండి. ఆ కొండల చెట్లనే పెంచండి."

రాజు మంత్రి మెడలోని హారం తీయించి, చేతికి గునపం ఇప్పించాడు. కాపరులు తిరిగి వచ్చారు. వారితో పాటు విరూపాక్షుడూ ఎర్రటి ఎండలో ముళ్లు పెరికాడు. ఈసారి నవ్విన భటుడు ఒక్కడూ లేడు.

గడ్డి మెల్లగా వచ్చింది. బావులు ఇంకా మెల్లగా ఊరాయి. ఆ చెట్టు పేరు మార్చమని రాజు ఊరూరా చాటింపు వేయించాడు. ఎవరూ మార్చలేదు.

కనుక పిల్లలారా, తెలుసుకోండి: నేలను అడగకుండా నేలకు మేలు చేయబోయేవాడు కీడే చేస్తాడు, అడగనివాడి అజ్ఞానం కూడా నేరమే.