లూటీ పుట్టిన చోటు

రాజ్యం అనిపించుకోవడానికి కొంచెం కురచైన సంస్థానం ఒకటి ఉండేది. దానికి ప్రభువు రాజా నరసింహదేవుగారు. మీసం మాత్రం చక్రవర్తిది.

ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. శిస్తు రాలేదని రాజుగారి బంట్లు ఊళ్ల మీద పడి, గడ్డి పురుల్లో దాచుకున్న విత్తనాల వడ్లు కూడా ఊడ్చుకుపోయారు. పిల్లలు పస్తున్నా విత్తనాల పురి విప్పని జనం వాళ్లు. మృగశిర కార్తె దగ్గరకొచ్చింది, చల్లడానికి గింజ లేదు.

అసిరమ్మ అనే రైతు వచ్చి ఆస్థాన విదూషకుడు కూర్మయ్య గుమ్మంలో కూర్చుంది. "రాజుగోరు నీ మాటకి నవ్వుతారంట గదా బాబూ. మా ఇత్తనాలు మాకు ఇప్పించు," అంది. ఆ పూట కూర్మయ్యకు ముద్ద దిగలేదు.

సరిగ్గా అప్పుడే రాజుగారికి కొత్త పిచ్చి పట్టింది. విందుకొచ్చిన దొర ఒకడు, ఇంగ్లీషులోని 'లూట్' అనే మాట ఈ దేశంనుంచే వెళ్లిందని చెప్పాడట. రాజుగారు పొంగిపోయారు.

"మన లూటీ సముద్రం దాటింది. అదెలా పుట్టిందో, ఎలా దాటిందో తేల్చినవాడికి బంగారు కడియం," అన్నారు.

పండితులు సాయంత్రం దాకా గొంతులు చించుకున్నారు. రాజుగారు ఆవలించారు. అప్పుడు కూర్మయ్య లేచాడు.

"ప్రభూ, ఇది చెబితే తెలిసేది కాదు. రేపు పొద్దున చూపిస్తాను. ఆ పూటకి కోటలో నా ఆజ్ఞ చెల్లాలి."

"చెల్లుతుంది పో," అన్నారు రాజుగారు సరదా పడి.

తెల్లారేసరికి కోటలోని ధాన్యపు కొట్టు ముందు ఎడ్లబళ్లు నిలిచాయి. అసిరమ్మా, ఊరివాళ్లూ బస్తాలు ఎక్కిస్తున్నారు. బంట్లు ఏం చెయ్యాలో తెలియక చూస్తున్నారు. రాజుగారు తలపాగా అయినా లేకుండా పరుగెత్తుకొచ్చారు.

"లూటీ, లూటీ. పట్టుకోండి వాళ్లని."

"ఇదిగో ప్రభూ, పుట్టింది," అన్నాడు కూర్మయ్య. "ఇది పట్టుకుపోయేవాడి నోట పుట్టే మాట కాదు, పోగొట్టుకున్నవాడి నోట పుట్టేది. పట్టుకుపోయేవాడు దాన్ని శిస్తు అంటాడు. ఈ వడ్లే మీ బంట్లు తెచ్చిన రోజున అసిరమ్మ కూడా ఇలాగే అరిచింది."

రాజుగారు మీసం సవరించుకున్నారు. "మరి సముద్రం ఎలా దాటింది?"

"దొరలు దొరికిందల్లా ఓడ ఎక్కించారు కదా ప్రభూ. ఈ ఒక్క మాటా వదులుతారా?"

రాజుగారు పకపకా నవ్వారు. వెనకాలే వచ్చిన కొలువంతా నవ్వింది. కడియం తన చేత్తోనే కూర్మయ్యకు తొడిగి, దివానువైపు తిరిగి, "ఆట అయిపోయింది. బస్తాలు లోపల వేయించండి," అన్నారు.

"ప్రభూ, ఆ గింజలు లేకపోతే వాళ్లు చచ్చిపోతారు."

"ఇక చాలు కూర్మయ్యా, మళ్లీ నవ్వించకు. పొట్ట నొప్పెడుతోంది."

ఆ నవ్వు తలుచుకుంటే, ఈ కథ చెప్పే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఖాళీ బళ్లు కోట వాకిలి దాటుతుంటే కూర్మయ్య కడియం తీసి అసిరమ్మ చేతిలో పెట్టాడు. "అమ్ముకుని గింజలు కొనుక్కోండమ్మా."

"ఏ ఊళ్లో ఉన్నాయి బాబూ గింజలు? అన్నీ ఆ కొట్లోనే గదా." ఆమె కడియాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది సల్లితే మొలుత్తాదా?"

వెనక కోటలో ఇంకా నవ్వుతూనే ఉన్నారు.