గుహలో చారమ్మ వాటా

నాయనలారా, అమ్మలారా, పైనున్న స్వామికి ఒక దణ్ణం పెట్టుకుని కాస్త దగ్గరికి జరగండి. ఇది గుండ్లకోన అడవిలో జరిగిన సంగతి. అక్కడ నక్కలు, కుందేళ్ళు, ముళ్ళపందులు, ఉడుతలు ఇరుగుపొరుగుగా బతికేవి. దేవుడి దయవల్ల ఎండాకాలమంతా పళ్ళకూ గింజలకూ లోటుండేది కాదు. ముసురు పట్టిందంటే మాత్రం చెట్ల మీద ఏమీ మిగిలేది కాదు.

చారమ్మ అనే ఉడుతకు ముగ్గురు పిల్లలు. ముసురు రోజుల కోసం అది ఎండనక తిరిగి గింజలు ఏరేది. చెట్టు మొదట్లో గొయ్యి తీసి దాచేది. ఆకలేసినప్పుడు తవ్వుకునేది. దాచుకోవడమంటే ఉడుతలకు తెలిసింది అదొక్కటే.

ఆ అడవిలో కనుమ దారి పక్కన పెద్ద గుహ ఒకటి ఉండేది. వానాకాలంలో ఆ దారిన పోయే దుప్పులు అందులో తలదాచుకునేవి. అద్దెగా కొండ అవతల నుంచి తెచ్చిన పళ్ళూ కాయలూ గింజలూ ఇచ్చేవి. గుహ యజమాని ముసలి ఎలుగుబంటి, కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ దాన్ని అమ్మకానికి పెట్టింది. అంత గుహ కొనే స్తోమత ఏ ఒక్కరికీ లేదు.

అప్పుడు జంబన్న అనే నక్క అందరినీ పిలిచాడు. నక్క అనగానే మోసగాడనుకుంటున్నారు కదూ? ఈ జంబన్న అలాంటివాడు కాదు. ఉన్నమాట ఉన్నట్టు చెప్పాడు.

"అందరం కలిసి కొందాం. గింజలో దుంపలో ఎవరు ఎంత తెస్తే అంత వాటా. వచ్చే అద్దె వాటా ప్రకారం పంచుతాను. గుహకు మరమ్మతు వస్తే ఆ ఖర్చూ వాటా ప్రకారమే. లోపల ఎవరూ కాపురం పెట్టకూడదు. వాటా వద్దనుకుంటే మరొకరు కొనుక్కోవాలి. నేను మాత్రం వెనక్కి ఇవ్వలేను."

చారమ్మ చెవికి అద్దె అన్న మాట తప్ప మరొకటి ఎక్కలేదు. పరుగున వెళ్ళి గొయ్యంతా ఖాళీ చేసి తెచ్చింది.

సూదయ్య అనే ముసలి ముళ్ళపంది తిండికి పోగా మిగిలిన నాలుగు దుంపలే తెచ్చాడు. చారమ్మ మోపు చూసి ఆగాడు.

"కోడలు పిల్లా, ముసురుకేమైనా ఉంచావా?"

"గుహే ఉంది కదా మామా. గొయ్యిలో పెట్టినా గుహలో పెట్టినా దాచుకున్నట్టే. కావాలంటే తీసుకుంటాను."

"గుహను తవ్వితే గింజలు రావమ్మా."

"మా వీపు రాములవారు నిమిరిన వీపు. నాలుగు దుంపలు తెచ్చిన నువ్వా నాకు చెప్పేది?"

సూదయ్య తన నాలుగు దుంపలూ జంబన్న ముందు పెట్టి ఇంటిదారి పట్టాడు.

మొదటి ఏడు అద్దె బాగా వచ్చింది. జంబన్న పైసా తేడా లేకుండా పంచాడు. చారమ్మ కొమ్మ కొమ్మకూ వెళ్ళి గొప్పలు చెప్పుకుంది. ఆ అద్దె తినగా మిగిలిందీ, ఎండల్లో ఏరిందీ అంతా పెట్టి ఒక కుందేలు దగ్గర ఇంకో వాటా కొంది. గొయ్యి మళ్ళీ ఖాళీ.

రెండో ఏడు వాన గట్టిగా పట్టింది. కొండచరియ విరిగి కనుమ దారి మూసుకుపోయింది. దుప్పులు రాలేదు. అద్దె లేదు. పైగా గుహ ముందు పడ్డ రాళ్ళు తీయించాలని జంబన్న వాటా ప్రకారం అందరినీ ఖర్చు అడిగాడు.

చెట్టు తొర్రలో పిల్లలు ఆకలికి చారమ్మ పొట్ట కింద దూరుతున్నాయి. అందరికన్నా చిన్నది ఏడవడం కూడా మానేసింది. చారమ్మ వానలోనే జంబన్న దగ్గరికి ఉరికింది.

"అన్నా, నా వాటా నాకిచ్చెయ్."

"ఏమివ్వను చెల్లెమ్మా? గుహలో ఒక మూల విరిచి ఇవ్వనా? అది రాయి. కొనేవాళ్ళను వెతుక్కో."

కుందేళ్ళను అడిగింది. "దారే లేని గుహ ఎవరికమ్మా?" అన్నాయి. సగానికిస్తానంది. పావుకిస్తానంది. ఎవరూ తలెత్తలేదు. సూదయ్య బొరియ ముందు నుంచే పోయింది, మళ్ళీ వచ్చింది. ఆనాడు తనన్న మాట గుర్తొచ్చి గడప తొక్కలేకపోయింది. అలా రోజు గడిచిపోయింది. మర్నాడు ఇక సిగ్గు విడిచి లోపలికి వెళ్ళింది.

"మామా, నా రెండు వాటాలూ నువ్వే తీసుకో. ఏమిస్తే అదే."

సూదయ్య దాని తడిసిన తోక చూశాడు. దుంపలు దాని ముందుకు తోశాడు.

"వాటాల సంగతి తర్వాత. పిల్లలకు పెట్టు. నిన్ననే రాకూడదా, పిచ్చిదానా."

చారమ్మ నోట కరుచుకుని పరుగెత్తింది. పెద్దవి రెండూ ఎగబడి తిన్నాయి. చిన్నదాని నోటికి ముక్క అందించింది. ముక్క జారి పడింది. మళ్ళీ అందించింది. మళ్ళీ జారింది. బిడ్డ ఒళ్ళు అప్పటికే చల్లబడిపోయింది. పైనున్న స్వామి దాన్ని తన దగ్గరికి పిలిపించుకున్నాడు.

మరుసటి ఏడు దారి తెరుచుకుంది. దుప్పులు గుంపులుగా వచ్చాయి. సూదయ్య ఇంటికి పళ్ళు చేరాయి. బొరియ నిండా దుంపలూ ఉన్నాయి. చారమ్మ గుమ్మంలోనూ జంబన్న పెద్ద మోపే దించాడు.

"రాళ్ళ ఖర్చు పోను నీ వాటా, చెల్లెమ్మా."

చారమ్మ పళ్ళను పిల్లల వైపు నెట్టింది. తను ఒక్కటీ నోట పెట్టలేదు. మోపులోని గింజలు వేరుచేసి, పాత గొయ్యి దగ్గర కూర్చుని తవ్వడం మొదలుపెట్టింది.

నీతి: పదిమంది ఆస్తిలో వాటా రాబడి తెస్తుంది గాని, అడిగిన గడియకు అన్నం కాదు. బిడ్డల ఆకలికి ముందు దాచి, మిగిలినదే వాటాలో పెట్టాలి.