చేతిలో సున్నా

పరాంకుశం మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా తిన్నగా జవాబు చెప్పరు. కాసేపు వింటారు, తలూపుతారు, ఆనక అడిగినవాళ్ళకే ఏదో ఒక పని పురమాయిస్తారు. విశ్వవిద్యాలయంలో తెలుగు, చరిత్ర, తత్వశాస్త్రం చదివే పిల్లలకు కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం ఓనమాల నుంచి నేర్పడం ఆయన ఉద్యోగం. సందేహం తీర్చమని వెళ్తే చాకిరీ అంటగడతారేమిటని విసుక్కున్న పిల్లలు బోలెడుమంది. వాళ్ళ విసుగులోనూ న్యాయం లేకపోలేదు.

ఒక మధ్యాహ్నం ల్యాబులో తెలుగు ఎమ్మే చదివే సత్యవేణి ఆయన ముందు నిలబడింది.

"సార్, నేను కొట్టిన ప్రోగ్రాంలో ఇంతవరకూ ఒక్క తప్పు లేదు. మరి పరీక్ష ఎందుకు పోయింది?"

ఆ పిల్ల అబద్ధమాడలేదు. చిన్నప్పుడు వాళ్ళ తాతగారు పద్యాలు చెప్పేవారు. అక్షరం జారితే మళ్ళీ మొదటికి రావలసిందే. 'ముందు నోటికి రానీ, అర్థం అదే వస్తుందిలే' అనేవారు. పద్యాల విషయంలో ఆయన మాట నిజమే అయింది. అందుకని సత్యవేణి కంప్యూటర్ పాఠాన్నీ కంఠతా పట్టింది. మాస్టారు బోర్డు మీద రాసిన ప్రతి ప్రోగ్రామునూ, కామాలూ కుండలీకరణాలతో సహా, హాస్టల్ మేడ మీద బట్టలారేసుకుంటూ వల్లించేది. ల్యాబులో కూర్చుని టకటకా కొట్టేసేది. తక్కినవాళ్ళ తెరలు తప్పులతో ఎర్రబారిపోతుంటే ఆమె తెర మీద ఒక్క ఎర్రక్షరం ఉండేది కాదు.

కానీ ల్యాబులో జనమంతా ఆ ఎర్రక్షరాల దగ్గరే పోగయ్యేవారు. "ఒసేయ్, ఇది నన్ను తిడుతోందే, ఇలా రండే" అని ఒకరు కేకేస్తే చాలు, నలుగురు కుర్చీలు ఈడ్చుకుంటూ పోయేవారు. వాదనలు, నవ్వులు, మధ్యలో ఎవరో తెచ్చిన సమోసాలు. మూల కుర్చీలో ఉన్న సత్యవేణి దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు. ఎందుకొస్తారు? అన్నీ సరిగ్గా ఉన్న మనిషికి ఏం సాయం చేస్తారు? ఇంతమందిలో ఉండీ నోరు విప్పి మాట్లాడే దిక్కు లేక ఆ పిల్లకు గొంతు దాకా ఏడుపొచ్చేది. ఎవరైనా ఎందుకని అడిగితే ఏం చెప్పాలో తెలియక మింగేసేది.

అంతలో పరీక్ష వచ్చింది. ఇచ్చిన అంకెల్లో అన్నిటికన్నా పెద్దది ఏదో కనిపెట్టే ప్రోగ్రాం పాఠంలో ఉంది. పరీక్షలో చిన్నది కనిపెట్టమన్నారు. సత్యవేణికి నోటికొచ్చింది పెద్దదే. ఏం చెయ్యాలో పాలుపోక దాన్నే పొల్లుపోకుండా రాసేసింది. కంప్యూటరు బుద్ధిగా పెద్ద అంకే చూపించింది.

ఈ కోర్సు మానుకోవాలంటే రేపే ఆఖరు రోజు. మానేస్తే, వాళ్ళ శాఖలో మొదలుపెట్టిన నిఘంటువు పని దక్కదు. కంప్యూటర్ వచ్చినవాళ్ళకే ఆ పని అని ఆచార్యులవారు ఖరాఖండీగా చెప్పేశారు. ఆ పని మీదే ఆమె ఆశంతా. ఉండి ఆఖరి పరీక్ష కూడా తప్పితేనో, చదివిన ఎమ్మే కాస్తా ఆగిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మాస్టారు అంతా విన్నారు. "చిన్నది కనిపెట్టమ్మా," అన్నారు. "నీకు నోటికొచ్చిన దాంట్లోనే ఒక్క గుర్తు తిప్పు. ఏమొచ్చిందో పైకి చదువు, నాకు వినబడాలి." అని అటు చివర కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.

సత్యవేణి 'ఎక్కువ' గుర్తును 'తక్కువ' గుర్తుగా మార్చింది. ముప్ఫై, పన్నెండు, నలభై ఒకటి ఇచ్చింది. ఎర్రక్షరాలు రాలేదు. కానీ వచ్చిన జవాబు చూసి కొయ్యబారిపోయింది.

"సార్, సున్నా అంటోంది," అంది. "నేనిచ్చినవాటిలో సున్నా లేదు సార్!"

మాస్టారు ఇటు తిరగలేదు. పక్క కంప్యూటరు దగ్గరున్న చరిత్ర విద్యార్థిని నూర్జహాన్ గబుక్కున లేచింది.

"నీకూ సున్నానేనా? పొద్దుట్నించీ నా ప్రాణం తీస్తోంది అదే!" అంటూ కుర్చీ లాక్కొచ్చింది. "నీకేం, అన్నీ వచ్చు, మాలాంటివాళ్ళతో ఏం మాట్లాడతావులే అనుకున్నాను ఇన్నాళ్ళూ."

"నాకా? నాకేమీ రాదు," అంది సత్యవేణి. ఆ మాట బయటికొచ్చేసరికి కళ్ళ నీళ్ళు కూడా వచ్చేశాయి.

నూర్జహాన్ కాస్త తెల్లబోయింది. "సర్లే, ఏడవకు. పద్యానికి అర్థం చెప్తారుగా, అలా వరుస వరుసకీ నాకు చెప్పు."

సత్యవేణి కళ్ళు తుడుచుకుంది. "మొదట ఇది చేతిలో సున్నా పట్టుకుని బయల్దేరుతుంది. దారిలో అంతకన్నా చిన్నది ఎదురైతే, చేతిలోది వదిలేసి దాన్ని పుచ్చుకుంటుంది. ముప్ఫై వచ్చింది. సున్నాకన్నా చిన్నదా? కాదు. పన్నెండు? కాదు." అక్కడ ఆగిపోయింది. "అయ్యో నా తల్లో! ఇంకెవరెదురొచ్చినా ఇది సున్నాని వదలదు! ఈ వరుస ఎన్నిసార్లు వల్లించానో! సున్నాతోనే ఎందుకు బయల్దేరాలని ఒక్కసారైనా అడిగానా?"

"అయితే చేతిలో ఏం పెట్టి పంపాలి?"

"వెయ్యి పెడితేనో?"

"అన్నీ వెయ్యికన్నా పెద్దవే ఇస్తేనో?"

గొడవకి మరో ముగ్గురు చేరారు. ఒకరు కాదంటే ఒకరు ఔనన్నారు. చివరికి సత్యవేణే, "మనమిచ్చిన వాటిలో మొదటి అంకెనే చేతిలో పెట్టి పంపుదాం," అంది. పన్నెండు వచ్చింది. ఆ పిల్లలు వేసిన కేకకి పక్క గదిలోంచి ఎవరో వచ్చి తొంగిచూసి పోయారు.

అందరూ వెళ్తుంటే సత్యవేణి మాస్టారి దగ్గరికి వచ్చింది. నూర్జహాన్ గుమ్మం దగ్గర ఆగింది.

"సార్, రేపు మానుకోమంటారా, ఉండమంటారా?"

"ఇన్నాళ్ళూ నువ్వు రాసిన ఒప్పులన్నీ నావేనమ్మా," అన్నారు మాస్టారు. "ఇవాళ్టి తప్పొక్కటే నీది. దాన్ని వదులుకుని ఎక్కడికి పోతావు?"